ప్రమాణం చేయించాక చెప్పారట! గ్రూజ్‌కి అకాడమీ చేసింది న్యాయమేనా?

కుంచె_కబుర్లు
రెండు రోజులుగా ఒకటే విషయం బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ రాసేస్తే గాని నిద్ర పట్టేలా లేదు. జాన్ బాప్తిస్త్ గ్రూజ్ అని 18వ శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు. 1755లో పారిస్ రాయల్ అకాడమీ ఇతన్ని ప్రాథమికంగా చేర్చుకుంది. అంటే వాళ్ళ ప్రదర్శనలో బొమ్మలు పెట్టుకోవచ్చు. పూర్తి సభ్యుడు కావాలంటే మాత్రం అకాడమీ కోసం ఒక బొమ్మ వేసి ఇవ్వాలి. ఆ బొమ్మ ఇచ్చేసరికి 1769 అయింది.

ఆగస్టు 23. పెద్దలంతా కూర్చున్నారు. బొమ్మ ఈజిల్ మీద ఉంది. గ్రూజ్ పక్క గదిలో కాచుకుని ఉన్నాడు. గంట తరవాత తలుపు తీసి లోపలికి పిలిచి, "అకాడమీ మిమ్మల్ని చేర్చుకుంది, వచ్చి ప్రమాణం చెయ్యండి" అన్నారు. ఈయన పొంగిపోయి చేశాడు. తంతు అంతా అయ్యాక అప్పుడు నోరు విప్పాడట డైరెక్టరు. చేర్చుకున్నాం గాని జానర్ చిత్రకారుడిగానే, మీ పాత బొమ్మలు బాగుంటాయి కనక వాటి మొహం చూశాం, ఈ బొమ్మకి మాత్రం కళ్ళు మూసుకున్నాం, ఇది మాకూ తగదు మీకూ తగదు అని. ఇదంతా అప్పటి ఫ్రెంచి రచయిత, కళా విమర్శకుడు దిదెరో రాసిపెట్టాడు.

బొమ్మ బాగోలేకపోతే బాగోలేదని ముందే చెప్పొచ్చుగా? ప్రమాణం చేయించి మరీ చెప్పడమేంటి? ఇందులో తప్పెవరిదంటారు?

తెనాలి_తిక్క
పిలిచి, పీట వేసి, విస్తరి వేసి, నీళ్ళు చిలకరించాక "భోజనం పక్కింటాయనకి" అన్నట్టుంది.

డౌటు_రాజా
జానర్ అంటే యాక్షన్, కామెడీ, హారర్ అనే జానరేనా? అందులో అవమానం ఏముంది?

పాతకాపు
@డౌటు_రాజా మాట అదే, వాడకం వేరు. వాళ్ళ లెక్కలో బొమ్మలకి కులాలున్నాయి. 1667లో ఫెలిబియన్ అనే ఆయన వరస పెట్టాడు. అట్టడుగున పళ్ళు, పూలు, గిన్నెలు. వాటి పైన ప్రకృతి దృశ్యాలు. ఇంకా పైన ప్రాణం ఉన్న జంతువులు, ఆ పైన మనుషుల రూపచిత్రాలు. అన్నిటికంటే పైన చరిత్ర, పురాణం, బైబిలు కథలు. ఊళ్ళో పెళ్ళి, ఇంట్లో ముసలాయన, వంటింట్లో పనిపిల్ల లాంటివి వేసేవాళ్ళంతా జానర్ వాళ్ళు. చరిత్ర వేసేవాడికే అకాడమీలో ప్రొఫెసర్ పదవి. జానర్ వాడు ఎంత పేరున్నవాడైనా ఆ కుర్చీ ఎక్కలేడు. గ్రూజ్‌కి కావలసింది ఆ కుర్చీ. పోయింది కూడా అదే.

బ్యాంకు_బాబాయ్
అయితే నాకు బాగా అర్థమైంది. క్లర్కుగా చేరి ఎన్నో ఏళ్ళకి ఆఫీసరు పరీక్ష రాశాను. ఇంటర్వ్యూలో చెయ్యి కలిపి కంగ్రాట్స్ అన్నారు. సెక్షనంతా మైసూర్‌పాక్ పంచాను. వారం తరవాత ఆర్డరు వచ్చింది. అదే కేడరు, సీటు మాత్రం మారింది. కిటికీ పక్కకి. మైసూర్‌పాక్ డబ్బులు ఇప్పటికీ గుర్తున్నాయి.

గోళీసోడా
కిటికీ అన్నా వచ్చింది బాబాయ్, గ్రూజ్‌కి అదీ లేదు

చార్‌కోల్_మౌనిక
బొమ్మ గురించి ఎవరూ మాట్లాడరేం? నేను పెద్ద సైజు ఫోటో తెరిచి అరగంట చూశాను. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్. బ్రిటన్ దండయాత్రలో కొడుకు కారకల్లా ఆయన్ని వెనక నుంచి పొడవబోయాడు. తరవాత తండ్రి కొడుకుని పిలిపించి, "నా చావు కావాలా? అయితే ఇదిగో, నా అంగరక్షకుల అధిపతి పాపీనియన్‌కి ఆజ్ఞ ఇవ్వు, పని కానిచ్చేస్తాడు" అంటాడు. ఆ క్షణం వేశాడు. ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు, ఒంటి మీద చొక్కా లేదు, చెయ్యి చాచాడు. కొడుకు మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. వెనక ఇద్దరు పెద్దమనుషులు.

దిదెరో పట్టిన తప్పులు ఇవీ: మణికట్టు విరిగినట్టుంది, మెడకీ రొమ్ము ఎముకకీ మధ్య దూరం మరీ ఎక్కువ, దుప్పటిని పైకి లేపుతున్న ఆ మోకాలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. ఇది కోపంతో అన్నమాట కాదు. వెళ్ళి చూడండి, ఆ మోకాలు నిజంగానే ఎవరిదో.

తెనాలి_తిక్క
నాలుగో మనిషి మంచంలో దాక్కున్నాడేమో. పాపీనియన్ తమ్ముడు.

కుంచె_కబుర్లు
@చార్‌కోల్_మౌనిక ఒప్పుకుంటా, మోకాలు చూశాక నాకూ నవ్వొచ్చింది. కానీ దిదెరో ఇంకో మాట కూడా అన్నాడు, సెవెరస్ ఒళ్ళు నల్లగా, ఓడలో తెడ్డు వేసే ఖైదీలా ఉందని. సెవెరస్ పుట్టింది ఉత్తరాఫ్రికాలోని లెప్టిస్ మాగ్నాలో! గ్రూజ్ పాత విగ్రహాలు ఎదురుగా పెట్టుకుని బోలెడు స్కెచ్‌లు వేసుకున్నాడు. హోంవర్కు చేసినవాడికి మార్కులు కొయ్యడమా?

పాతకాపు
హోంవర్కు చేశాడు, పరీక్షలో పెన్ను కదల్లేదు. అలాంటి పిల్లల్ని నేను ముప్ఫయ్యేళ్ళు చూశాను.

సేన్_ఒడ్డున
పారిస్ నుంచి. ముందు పేరు సంగతి: గ్రూజ్ కాదు, గ్రోజ్ కాదు, రెండిటికీ మధ్యలో ఒకటి. తెలుగులో ఆ అచ్చు లేదు కాబట్టి మీ ఇష్టం.

లూవ్ర్‌లో నాకు నచ్చింది అతని "ఊరి పెళ్ళికూతురు". 1761 నాటిది. మీటరు కంటే కాస్త వెడల్పు, అంతే. ఒక ఇంట్లో పన్నెండు మంది. తండ్రి కట్నం సంచి అప్పుడే అల్లుడి చేతికిచ్చాడు, రెండు చేతులూ చాచి ఏదో హితబోధ చేస్తున్నాడు. నోటరీ బల్ల దగ్గర కాగితాలు పెట్టుకుని కూర్చున్నాడు. తల్లీ చెల్లెలూ పెళ్ళికూతుర్ని పట్టుకుని వదలట్లేదు. పెళ్ళికూతురి వేళ్ళు మాత్రం అల్లుడి చేతి కిందుగా పోయి మెల్లిగా తగులుతున్నాయి, ఎవరూ చూడట్లేదన్న ధైర్యం. కింద నేల మీద కోడి, పిల్లలు. ఒక పిల్ల గుంపు వదిలి పళ్ళెం అంచు మీదికెక్కింది. అది చూశాక ఎవరు ఏ కోడిపిల్లో అర్థమవుతుంది.

లలిత_గారి_వంటిల్లు
కట్నం సంచీ, లెక్క రాసే మనిషీ, అల్లుడికి నీతులూ. ఇది ఫ్రాన్సా, మా పెదనాన్న గారి హాలా?

గోళీసోడా
అల్లుడు సంచి తూచి చూసుకుంటున్నాడా లేదా అది చెప్పండి

సేన్_ఒడ్డున
@గోళీసోడా చేతిలో పట్టుకుని వినయంగా వింటున్నాడు. తూకం ఇంటికెళ్ళాక.

ఇంకో సంగతి. ఆ ఏడు సలోన్ ఇంకొన్ని రోజుల్లో ముగిసిపోతుందనగా తెచ్చి పెట్టాడు. జనం ఎగబడ్డారు. దిదెరోకే ఆ బొమ్మ దగ్గరికి పోవడం కష్టమైంది. రాజుగారి కట్టడాల శాఖ చూసే మారిన్యీ 3,000 లీవ్ర్‌లకి కొన్నాడు. ఆయన పోయాక 1782లో అదే బొమ్మ పదహారో లూయీ కోసం కొన్నప్పుడు ధర 16,650 లీవ్ర్‌లు.

డౌటు_రాజా
సలోన్ అంటే కటింగ్ షాపు కదా 😅

పాతకాపు
@డౌటు_రాజా లూవ్ర్‌లో "సలోన్ కారే" అని చదరపు హాలు ఉంది, అందులో పెట్టేవాళ్ళు కనక ఆ పేరు. రెండేళ్ళకోసారి, ఆగస్టు 25న తలుపులు తీసేవాళ్ళు. ప్రవేశం ఉచితం. దొరసాని నుంచి చేపలమ్మే ఆమె దాకా అందరూ వచ్చేవాళ్ళు. గోడ మీద కింది నుంచి పైకప్పు దాకా బొమ్మలే. ఏ బొమ్మ ఎక్కడ తగిలించాలో చాలా ఏళ్ళు షార్దాన్ చూశాడు. మన గ్రూజ్ విషయంలో షార్దాన్ ముఖ్యం. గిన్నెలూ చేపలూ వేసేవాడు, అంటే వరసలో అట్టడుగు. 1728లో అకాడమీలో చేరాడు, తరవాత కోశాధికారి అయ్యాడు. జానర్ అన్న ముద్ర ఆయన్ని ఆపలేదు. తన గిన్నె తను తోముకుంటూ కూర్చున్నాడు, గొప్పవాడయ్యాడు.

కుంచె_కబుర్లు
@పాతకాపు కోశాధికారి అయితే అయ్యాడు, ప్రొఫెసర్ అయ్యాడా? లేదుగా. మీరే అన్నారు ఆ కుర్చీ ఎక్కలేడని. నేనడిగేదీ అదే. ఆ వరసే తప్పు కదా?

పాతకాపు
వరస తప్పే. అది తెలిసే కదా గ్రూజ్ పై మెట్టు ఎక్కాలనుకున్నాడు! వరస తప్పని గొడవ చేసినవాడు కాదు ఇతను. తనకి పైన చోటు ఇవ్వలేదని గొడవ చేశాడు. రెండూ ఒకటి కాదు.

చార్‌కోల్_మౌనిక
ఆ మాట నిజం. +1

బ్యాంకు_బాబాయ్
పాతకాపు గారూ, యూనియన్ మీటింగుల్లో మీలాంటి వాళ్ళ వల్లే మాకు ప్రమోషన్లు రాలేదు 😀

బొబ్బిలి_వీణ
ఒక చిన్న పక్కదారి. గ్రూజ్ 1755లో గుజ్నో అనే క్రైస్తవ మతాచార్యుడి వెంట ఇటలీ వెళ్ళాడు. 1757 వసంతం దాకా రోమ్‌లోనే ఉన్నాడు. అంటే 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు మా బొబ్బిలి కోటని కూలుస్తున్నప్పుడు ఈ ఫ్రెంచాయన రోమ్‌లో కూర్చుని ఇటాలియన్ పిల్లల బట్టల మడతలు గీస్తున్నాడు. ఇన్నాళ్ళూ నాకు ఆ కాలపు ఫ్రాన్సంటే బుస్సీ ఒక్కడే.

తెనాలి_తిక్క
బుస్సీకి కూడా అకాడమీ సభ్యత్వం ఇచ్చి జానర్‌లో పడేసి ఉంటే బొబ్బిలి బతికేది.

డౌటు_రాజా
ఇది మాత్రం సూపర్ తిక్కన్నా. కానీ నా డౌటు తీరలేదు. బొమ్మ ఇవ్వడానికి 14 ఏళ్ళు ఎందుకు పట్టింది? అంతకాలం అకాడమీ వాళ్ళు ఊరుకున్నారా?

పాతకాపు
ఊరుకోలేదు. మామూలుగా కొద్ది నెలలే గడువు, అడిగితే పొడిగిస్తారు. ఇతను అడగను కూడా లేదు. పేరొచ్చింది, డబ్బొచ్చింది, ఇంకేం కావాలి? 1763లో మంచాన పడ్డ ముసలాయనకి కుటుంబమంతా సేవ చేసే బొమ్మ పెట్టాడు, దాన్ని రష్యా రాణి కేథరిన్ కొంది. ఇప్పుడు రష్యాలోని ఎర్మిటాజ్ మ్యూజియంలో ఉంది. 1765లో చచ్చిన పిట్ట కోసం ఏడ్చే అమ్మాయి. అది ఎడింబరోలో ఉంది. చివరికి 1767లో కార్యదర్శి కొషాన్ ఉత్తరం రాశాడు, సభ్యత్వపు బొమ్మ ఇచ్చేదాకా సలోన్‌లో నీ బొమ్మ ఒక్కటి కూడా పెట్టనివ్వమని. దానికి గ్రూజ్ రాసిన జవాబు ఎంత పొగరుగా ఉందంటే, దిదెరో అన్నాడు: ఇలాంటి ఉత్తరంతో పాటు ఒక కళాఖండం కూడా పంపాలి, ఆ పని మాత్రం గ్రూజ్ చెయ్యలేదు అని.

గోళీసోడా
ఈ దిదెరో అసలు ఫ్రెండా, ఎనిమీనా

సేన్_ఒడ్డున
@గోళీసోడా మొదట వీరాభిమాని. 1765లో ఆ పిట్ట పిల్ల బొమ్మ చూసి, బొమ్మలోని అమ్మాయితో పేజీలకి పేజీలు సంభాషణ రాశాడు. నువ్వు ఏడుస్తున్నది పిట్ట కోసం కాదు కదమ్మా, నిజం చెప్పు, వాడు వచ్చాడు కదూ అంటూ. ఇప్పుడు చదివితే కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, పెద్దమనిషి చిన్నపిల్లని అలా గుచ్చి గుచ్చి అడగడం. 1769 వచ్చేసరికి అభిమానం చల్లారిపోయింది.

ఇంకో కథ కూడా దిదెరో ఉత్తరంలోదే. సముద్రపు బొమ్మలు వేసే వెర్నే ఒకసారి గ్రూజ్‌తో అన్నాడట: నీకు శత్రువులు మబ్బులా కమ్ముకున్నారు, వాళ్ళలో ఒకడు నీమీద పిచ్చి ప్రేమ ఉన్నట్టు కనపడతాడు, నిన్ను ముంచేది వాడే. ఎవడు వాడు అని ఈయన కంగారు పడితే, "నువ్వే" అన్నాడట.

బ్యాంకు_బాబాయ్
ఇలాంటి వెర్నే ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు. చెప్పేది నిజమే, కానీ టీ తాగే టైములో చెప్తాడు.

చార్‌కోల్_మౌనిక
ఆ రోజు సభలో ఇంకొకటి జరిగింది, అది ఎవరూ రాయలేదిక్కడ. గ్రూజ్ తన బొమ్మని సమర్థించుకోబోతే లాగ్రెనే అనే చిత్రకారుడు జేబులోంచి పెన్సిల్ తీసి కాన్వాసు మీదే తప్పులు గుర్తులు పెట్టి చూపించాడట. నాకు ఇది చదివాక ఒళ్ళు జలదరించింది. ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడు నా లైఫ్ స్టడీ మీద మా సార్ ఒకాయన నల్లటి మార్కర్‌తో భుజం సరిచేశారు. చార్‌కోల్ మీద మార్కర్! ఆయన గీసిన భుజమే కరెక్టు, ఆ విషయం నాకు అప్పుడే తెలుసు. అయినా ఆ షీటు ఇంటికి తీసుకెళ్ళలేదు, హాస్టల్ మెట్ల కింద పడేశాను. లాగ్రెనే చెప్పింది కూడా కరెక్టే అయ్యుంటుంది. కాకపోతే పెన్సిల్ పెట్టాల్సింది వేరే కాగితం మీద.

కుంచె_కబుర్లు
అదీ నా బాధ! తీర్పు గురించి కాదు, ఇచ్చిన పద్ధతి గురించి. దిదెరో కూడా చివర్లో అదే అన్నాడు, ఇంకొకడైతే జేబులోంచి కత్తి తీసి బొమ్మని ముక్కలు చేసి, ఫ్రేము మెడలో వేసుకుని, "నాకు మీ జానరూ వద్దు, మీ చరిత్రా వద్దు" అని బయటికి నడిచేవాడని.

తెనాలి_తిక్క
ఫ్రేము మెడలో వేసుకుని నడవడం... ఇంటర్వెల్ బ్యాంగ్ 🔥

పాతకాపు
కానీ చెయ్యలేదు. బొమ్మ సలోన్‌లో వేలాడింది, జనం కూడా పెదవి విరిచారు. ఇతను పత్రికకి పెద్ద ఉత్తరం రాశాడు, వందేళ్ళ కిందటి ఫ్రెంచి చిత్రకారుడు పూసాన్‌ని సాక్ష్యానికి పిలుస్తూ. చచ్చిపోయిన పూసాన్ వచ్చి చెప్తాడా? చేతులు కాలాక ఆకులు.

చార్‌కోల్_మౌనిక
పూసాన్‌ని పిలవడంలో అర్థం ఉంది. మరణశయ్య, చుట్టూ మనుషులు వరసగా, వెనక ఖాళీ గోడ. ఈ అమరిక పూసాన్ దగ్గర నేర్చుకున్నదే. ఇంకో పదిహేనేళ్ళకి దావీద్ అనే చిత్రకారుడు వచ్చి ఇదే పొడి గోడ, ఇదే బిగపట్టిన వరసతో "హొరేషియైల ప్రమాణం" వేస్తే, 1785 సలోన్‌లో నీరాజనం పట్టారు. గ్రూజ్ ఆలోచన ముందే వచ్చింది, చెయ్యి ఆలస్యంగా వచ్చింది.

కుంచె_కబుర్లు
@చార్‌కోల్_మౌనిక ఇది నాకు తట్టలేదు. థాంక్స్. అంటే నేను అన్యాయం అనొచ్చు కదా ఇప్పుడు?

చార్‌కోల్_మౌనిక
ఆగు, ఇంకో సగం ఉంది. 1765 సలోన్‌లో గ్రూజ్ రెండు డ్రాయింగులు పెట్టాడు. ఒకదాంట్లో కొడుకు సైన్యంలో చేరతానని ఇంటి మీద అలిగి పోతుంటే తండ్రి శపిస్తాడు. రెండోదాంట్లో కొడుకు కుంటుకుంటూ తిరిగొచ్చేసరికి తండ్రి మంచం మీద చనిపోయి ఉంటాడు. వీటినే తరవాత 1777, 1778లలో పెద్ద తైలవర్ణ చిత్రాలుగా వేశాడు. రెండూ లూవ్ర్‌లో ఉన్నాయి. ఇప్పుడు సెవెరస్‌ని పక్కన పెట్టి చూడు. మంచం, తండ్రి, చాచిన చెయ్యి, తల దించుకున్న కొడుకు. సైజు కూడా దాదాపు అంతే, 160 సెంటీమీటర్ల వెడల్పు. చరిత్ర చిత్రం అంటే గోడంత వేస్తారు, ఇతను ఇంటి బొమ్మ సైజే వదల్లేదు. రోమ్‌కి పోలేదు మనవాడు, తన ఊరి కుటుంబానికే రోమన్ బట్టలు తొడిగాడు. అందుకే బట్టలు వదులుగా ఉన్నాయి.

పాతకాపు
మౌనికా, ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన మంచి మాట ఇదే. నేను అకాడమీ పక్షమే, అయినా ఒప్పుకుంటున్నా. శపించే తండ్రి బొమ్మలో మోకాళ్ళన్నీ ఎవరివి వాళ్ళవే.

డౌటు_రాజా
వేరేవాళ్ళకి కూడా ఇలా జరిగిందా? లేక ఈయనకొక్కడికేనా?

సేన్_ఒడ్డున
ఆలస్యం చేసినవాళ్ళు చాలామంది. వాతో 1712లో చేరి 1717 దాకా బొమ్మ ఇవ్వలేదు. ఇచ్చాక అతని బొమ్మ ఏ డబ్బాలోనూ పట్టకపోతే "ఫెత్ గలాంత్" అని రాసుకుని సర్దుకున్నారు, పచ్చిక మీద షికార్ల బొమ్మలన్నమాట. ఫ్రాగొనార్ 1765లో చరిత్ర చిత్రంతో అదరగొట్టి లోపలికొచ్చి, పూర్తి సభ్యత్వపు బొమ్మ అసలు ఇవ్వనే లేదు. బయట ధనవంతులకి వేసుకుంటూ హాయిగా ఉన్నాడు.

బ్యాంకు_బాబాయ్
ఫ్రాగొనార్ నా టైపు. పరీక్షే రాయకూడదు.

లలిత_గారి_వంటిల్లు
సభ్యత్వం గొడవ సరే, ఇతని ఇంటి గొడవ ఎవరికైనా తెలుసా? పెళ్ళాం డబ్బు తినేసిందని ఎక్కడో చదివాను.

సేన్_ఒడ్డున
ఆన్ గాబ్రియెల్ బాబ్యుతి. పుస్తకాల షాపాయన కూతురు. 1759లో పెళ్ళి. చాలా బొమ్మల్లో మోడల్ ఆవిడే. సలోన్ వదిలేశాక గ్రూజ్‌కి అసలు ఆదాయం చెక్కుడు ముద్రల మీద వచ్చింది. "ఊరి పెళ్ళికూతురు"ని ఫ్లిపార్ రాగి పలకం మీద చెక్కాడు, 1770లో అచ్చయింది. రవివర్మ బొమ్మలు ప్రెస్సు పుణ్యమా అని మన ఇళ్ళ గోడలెక్కినట్టు, గ్రూజ్ బొమ్మలు యూరప్ అంతా ఇళ్ళలోకి వెళ్ళాయి. ఆ లెక్కలు చూసింది భార్యే. అడిగితే లెక్కల పుస్తకాలు చింపేసిందని గ్రూజ్ ఫిర్యాదు. పరాయి మగవాళ్ళని ఇంటికి తెచ్చేదనీ రాశాడు. విప్లవం వచ్చి విడాకుల చట్టం తెచ్చాక 1793లో విడిపోయారు.

లలిత_గారి_వంటిల్లు
చూశారా, "గ్రూజ్ ఫిర్యాదు", "గ్రూజ్ రాశాడు". ఆవిడ రాసింది ఏదైనా ఉందా? ముప్ఫయ్యేళ్ళకి పైగా కాపురం, అచ్చు వ్యాపారం మొత్తం ఆవిడ నెత్తిన. వెర్నే ఏమన్నాడో పైన మీరే చెప్పారు, నీ శత్రువు నువ్వే అని. అలాంటి మనిషితో ఇంట్లో ఉండేవాళ్ళ గతేంటి? డబ్బు తిన్నదేమో, నాకు తెలీదు. ఒక చేత్తో రాసిన కథ నమ్మను, అంతే.

పాతకాపు
లలిత గారూ, ఇందులో మీతో వాదించను. కోర్టు కాగితాల్లో మొగుడు రాసిన మాటలు, పారిస్ అయినా పాలకొల్లు అయినా, ఉప్పు వేసుకునే చదవాలి.

గోళీసోడా
పాతకాపు గారు వాదించను అన్నారు, స్క్రీన్‌షాట్ తీశాను

కుంచె_కబుర్లు
సలోన్ వదిలేశాక దెబ్బతిన్నాడా మరి? నేను అప్పుడే పేదవాడైపోయాడనుకున్నా.

సేన్_ఒడ్డున
లేదు లేదు. 1769 తరవాత 1800 దాకా సలోన్ గడప తొక్కలేదు, 31 ఏళ్ళు. తన స్టూడియోనే సలోన్ చేసుకున్నాడు. శపించే తండ్రి బొమ్మ చూడ్డానికి జనం ఇంటికే వచ్చారు. 1777లో పారిస్ వచ్చిన ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ కూడా వచ్చాడు. అదే ఏడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ రూపచిత్రం వేశాడు. పైకప్పులు వేసే మేస్త్రీ కొడుకు, తూర్ను అనే చిన్న ఊరి నుంచి లియోన్, అక్కడి నుంచి పారిస్ వచ్చినవాడు. అకాడమీ లేకుండా ఇరవయ్యేళ్ళు దర్జాగా బతికాడు.

దెబ్బ కొట్టింది విప్లవం. రాజుగారి పింఛను పోయింది, దాచుకున్నది పోయింది, అతని బొమ్మలు కొనే దొరలు పోయారు, ఇష్టాలు మారి అందరూ దావీద్ వెంట పడ్డారు. 75 ఏళ్ళ వయసులో ప్రభుత్వానికి ఉత్తరం రాసుకున్నాడు, మీరు చెప్పిన బొమ్మ సగం అయింది, ఇంకొంత అడ్వాన్సు ఇస్తే గాని పూర్తి చెయ్యలేను, నాకు వేరే ఆర్డర్లు ఒక్కటీ లేవు, ప్రతిభా ధైర్యమూ తప్ప అన్నీ పోయాయి అని. 1805 మార్చి 4న పోయాడు. మోంమార్త్ర్ శ్మశానంలో సమాధి ఉంది.

తెనాలి_తిక్క
ఇక్కడ జోకు వెయ్యను.

బొబ్బిలి_వీణ
మరి ఆ అకాడమీ సంగతి?

పాతకాపు
1648లో పుట్టింది, 1793 ఆగస్టులో విప్లవ ప్రభుత్వం రద్దు చేసింది. రద్దు చెయ్యాలని పట్టుబట్టి కూర్చున్నవాళ్ళలో దావీద్ ముందున్నాడు. గ్రూజ్‌కి విడాకులు వచ్చిందీ, అకాడమీ మూతపడిందీ ఒకే ఏడు.

బ్యాంకు_బాబాయ్
రెండు సంబంధాలూ ఒకేసారి తెగాయన్నమాట. స్వీట్లు పంచి ఉంటాడు.

సేన్_ఒడ్డున
గ్రూజ్ పుట్టి 300 ఏళ్ళయిన సందర్భంగా ఇక్కడ పెతీ పలే మ్యూజియంలో 2025 సెప్టెంబరు నుంచి 2026 జనవరి దాకా పిల్లల బొమ్మలు ముఖ్యంగా పెట్టి ప్రదర్శన జరిపారు. నేను ఒక ఆదివారం వెళ్ళాను. క్యూలో నా ముందు ఒక చిన్న పాప వాళ్ళమ్మని పట్టుకుని, "ఈ పిల్లలంతా ఎందుకేడుస్తున్నారు" అని అడిగింది. వాళ్ళమ్మ దగ్గర జవాబు లేదు, కేటలాగ్ దగ్గర ఉంది గాని అది నలభై పేజీలు.

లలిత_గారి_వంటిల్లు
పాప దిదెరో కంటే నయం. ప్రశ్న అడిగి ఊరుకుంది.

కుంచె_కబుర్లు
అందరికీ ఒక అప్‌డేట్. మౌనిక మాట మీద మా తమ్ముణ్ణి మంచం మీద కూర్చోబెట్టాను. చొక్కా విప్పించి, కాళ్ళ మీద దుప్పటి కప్పి, చెయ్యి చాపమన్నాను. కుడికాలు మడిస్తే దుప్పటి లేస్తుంది, అంటే మోకాలు అక్కడ ఉండడం కుదురుతుంది. కాకపోతే బొమ్మలో లేచిన చోటికి రావాలంటే తొడ ఇంకో జానెడు పొడుగుండాలి. మెడ సంగతి: తల ముందుకి చాపి కోపంగా చూడమంటే మెడ నిజంగానే సాగినట్టు కనపడుతోంది, అక్కడ దిదెరోది కొంచెం అతి. మణికట్టు దగ్గర మాత్రం ఎంత తిప్పినా ఆ వంపు రావట్లేదు. వాడు "అబ్బా" అన్నాక ఆపేశాను.

పాతకాపు
మూడింట్లో ఒకటి గ్రూజ్‌కి, ఒకటి దిదెరోకి, ఒకటి డ్రా. నమోదు చేసుకున్నాం.

తెనాలి_తిక్క
తమ్ముడు కారకల్లాలా చూస్తున్నాడా నీకేసి?

కుంచె_కబుర్లు
చూస్తున్నాడు. మోడల్ ఫీజు కింద బిర్యానీ అడుగుతున్నాడు.

చార్‌కోల్_మౌనిక
ఆర్డర్ పెట్టు. అది వచ్చేలోపు వాణ్ణి కదలొద్దను, మోచెయ్యి కొంచెం లోపలికి తిప్పి మణికట్టు ఫోటో ఒకటి పెట్టు. నాకింకా అనుమానంగానే ఉంది.